తాడిపత్రి దర్శకుడు, ఆస్కారు వాకిలి

1952 జనవరి 24న బొంబాయిలో మన దేశపు మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం మొదలైంది. 23 దేశాలు పాల్గొన్నాయి. ఇటలీ నుంచి డి సీకా ‘బైసికిల్ థీవ్స్’, జపాన్ నుంచి కురొసావా ‘రషోమాన్’ వచ్చాయి. మన దేశం తరఫున ‘ఆవారా’, మరాఠీ ‘అమర్ భూపాళీ’, బెంగాలీ ‘బాబ్లా’ ఉన్నాయి. వాటితోపాటు దక్షిణాది నుంచి ఒకే ఒక్క చిత్రం వెళ్లింది. అది ‘పాతాళభైరవి’. దాని దర్శకుడు కదిరి వెంకటరెడ్డి, మనమంతా కె.వి.రెడ్డి అని పిలుచుకునే ఆయన, 1912లో అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు.

పెన్న ఒడ్డు ఊరు తాడిపత్రి. నటుడు బళ్లారి రాఘవ పుట్టింది కూడా ఇక్కడే. వానలు ముఖం చాటేసే ఈ నేల మీద నీళ్లకంటే కళాకారులే ఎక్కువ ఊరారని నాకు అనిపిస్తుంది. 1952 మామూలు సంవత్సరం కాదు. రాయలసీమంతా కరవు. పల్లెల్లో గంజి కేంద్రాలు నడిచాయి. ‘పాతాళభైరవి’ కథానాయకుడు ఎన్టీ రామారావు తోటి నటులతో ఊరూరా తిరిగి సీమ కోసం విరాళాలు పోగుచేశారు. తరిమెల బిడ్డ విద్వాన్ విశ్వం కావ్యం ‘పెన్నేటి పాట’ కూడా ఆ బాధలోంచి పుట్టిందే. సీమలో జనం గంజి కోసం వరసకట్టిన ఏడాదే సీమ మనిషి తీసిన సినిమా కురొసావా సినిమా పక్కన నిలబడింది. ఈ రెండు సంగతుల్నీ కలిపి చెప్పుకోవడం మనకు అలవాటు కాలేదు. కావలసింది.

కె.వి. సినిమాల్లోకి దర్శకుడుగా రాలేదు. తాడిపత్రి మిత్రుడు మూలా నారాయణస్వామి భాగస్వామిగా ఉన్న రోహిణీ సంస్థలో ‘గృహలక్ష్మి’ (1938) చిత్రానికి క్యాషియరుగా చేరారు. తర్వాత వాహినిలో ప్రొడక్షన్ వ్యవహారాలు చూశారు. ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు. లెక్కలు చూసిన ఆ చెయ్యి సినిమాలోనూ లెక్క తప్పలేదు. స్టాప్‌వాచీ పట్టుకుని సన్నివేశాల నిడివిని ముందే కొలుచుకునేవారు. షూటింగు మొదలయ్యాక స్క్రిప్టు మార్చడం ఆయనకు గిట్టేది కాదు. జానపద కథైనా, పురాణమైనా ఆ సినిమాల్లో ఒక్క రీలు కూడా అదనమనిపించదంటే కారణం ఆ క్రమశిక్షణే.

ఇక ఆస్కారు సంగతి. బొంబాయి ఉత్సవం జరిగేనాటికి అక్కడ విదేశీ భాషా చిత్రాలకు పోటీ అనేదే లేదు. అకాడమీ పెద్దలు తమకు నచ్చిన ఒక చిత్రాన్ని ఎంచి గౌరవ పురస్కారం ఇచ్చేవారు. 1950లో ‘బైసికిల్ థీవ్స్’కు అలాగే ఇచ్చారు. ‘రషోమాన్’కు 1952 మార్చిలో ఇచ్చారు, అంటే బొంబాయి తెర మీద మన ‘పాతాళభైరవి’ తోటరాముడి పొరుగున నిలిచిన రెండు నెలలకే. తర్వాత దాన్ని పోటీ విభాగంగా మార్చారు. పోటీలో తొలి బహుమతి ఫెల్లీనీ తీసిన ‘లా స్ట్రాడా’కు దక్కింది. ఆ వేడుక జరిగిన తేదీ 1957 మార్చి 27. తెలుగునాట కె.వి. తీసిన ‘మాయాబజార్’ విడుదలైన తేదీ కూడా సరిగ్గా అదే.

కాకతాళీయమే కావచ్చు. కానీ ఆ వాకిలి తెరుచుకున్న రోజునే మన భాషలో అంతటి చిత్రం తయారుగా ఉందన్నది నిజం. దేశానికి ఒక్క చిత్రమే పంపాలన్నది అక్కడి నియమం. మన దేశం మొదటిసారి పంపింది ఆ ఏటి ‘మదర్ ఇండియా’ను. అది తుది అయిదింటిలో నిలిచింది. బహుమతి మళ్లీ ఫెల్లీనీకే, ‘నైట్స్ ఆఫ్ కబీరియా’కు వెళ్లింది. ‘మదర్ ఇండియా’ను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నా బాధ ఆ నియమంతోనే. ఇన్ని భాషల్లో సినిమాలు తీసే దేశానికీ, ఒకే భాషలో తీసే దేశానికీ ఒకే కొలత పెడితే పెద్ద సినిమాలు ఇంట్లోనే ఉండిపోతాయి.

‘మాయాబజార్’ను పంపి ఉంటే అమెరికా వాళ్లకు అర్థమయ్యేదా? ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదకు రారు. మనకు ఆ లోటే తెలియదు, భారతం మన ఇంటి కథ గనక. పరాయి ప్రేక్షకుడు అక్కడ తడబడతాడు, నిజమే. కానీ ఘటోత్కచుడు విందు ముందు కూర్చున్నప్పుడు ఎవరికీ ఏ వివరణా అక్కర్లేదు. తెలుగు తెర మీద అంత సమృద్ధిగా విస్తరి పరిచినవాడు కరవు సీమ మనిషి కావడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పట్టిన వెన్నెల కూడా ఏ దేశం కంటికైనా అందుతుంది. పంపి ఉండవలసిందనే నేను గట్టిగా నమ్ముతాను.

తెలుగు వంతు 1986లో వచ్చింది. కె.విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’ దేశం తరఫున వెళ్లింది, తుది అయిదింటిలోకి చేరలేదు. వేరే దారుల్లో మాత్రం మనవాళ్లు గెలుస్తూనే ఉన్నారు. ‘నర్తనశాల’ కీచకుడు ఎస్వీ రంగారావు 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా ఉత్సవంలో ఉత్తమ నటుడయ్యారు. కె.ఎన్.టి.శాస్త్రి ‘తిలాదానం’ 2002లో కొరియాలోని బూసాన్‌లో న్యూ కరెంట్స్ పోటీలో నిలిచింది. 2022లో దేశం తరఫున గుజరాతీ ‘ఛెల్లో షో’ వెళ్లింది. ‘ఆర్ఆర్ఆర్’ ఆ వాకిలి కోసం ఆగకుండా నేరుగా అందరి విభాగాల్లోకి నడిచింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు కీరవాణి, చంద్రబోస్ ఆస్కారు అందుకున్నారు.

పాత చిత్రాలకు ఆస్కారు దారి మూసుకుపోయింది. ఇంకో దారి ఉంది. శుద్ధిచేసిన పాత చిత్రాలకు కాన్ ఉత్సవంలో ప్రత్యేక విభాగం ఉంది. 2024లో శ్యామ్ బెనగళ్ ‘మంథన్’ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేసి అక్కడ ప్రదర్శించింది. ‘మాయాబజార్’ను కూడా ఆ స్థాయిలో శుద్ధిచేయించి, తెలుగు బాగా తెలిసినవారితో సబ్‌టైటిళ్లు రాయించి అక్కడికి పంపాలి. ఆ ఖర్చు తెలుగు పరిశ్రమకు ఒక పాట సెట్టు ఖర్చుకు మించదు.