వల్లభాచార్యుల చిత్రపటం: ఒక బొమ్మను చరిత్ర ఎలా పరీక్షిస్తుంది?

రాయ్‌పూర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, రాజిమ్ దగ్గర చంపారణ్ ఉంది. (గాంధీజీ 1917లో సత్యాగ్రహం చేసిన చంపారణ్ బీహార్‌లోది. ప్రిలిమ్స్‌లో ఈ రెండూ కలిపేయొద్దు.) పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు 1479లో ఇక్కడే పుట్టారని సంప్రదాయం. తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మగారు. తెలుగు బ్రాహ్మణ కుటుంబం.

ఆయన సంస్కృతంలో రాసిన అణుభాష్యం, సుబోధిని చదివినవాళ్లు తక్కువ. ఆయన బొమ్మ చూడనివాళ్లు మాత్రం ఆ సంప్రదాయంలో ఉండరు. మరి ఆ ముఖం ఎక్కడి నుంచి వచ్చింది?

సంప్రదాయం చెప్పేది

సికందర్ లోడీ తన చిత్రకారుడు హోన్‌హార్ చేత ఆచార్యుల బొమ్మ గీయించాడట. అది మొఘలుల చేతికి వచ్చిందట. షాజహాన్ దాన్ని కిషన్‌గఢ్ రాజు రూప్‌సింగ్‌కు ఇచ్చాడట. కిషన్‌గఢ్‌లో ఆ చిత్రాన్ని ఆచార్యులు బతికుండగా గీసినదిగానే భావించి పూజిస్తారు.

చరిత్ర అడిగేది

ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. సికందర్ లోడీ పాలన 1489–1517. షాజహాన్ పాలన 1628–1658. హోన్‌హార్ పేరుతో కళాచరిత్రకు తెలిసిన చిత్రకారుడు షాజహాన్ ఆస్థానంవాడు. మధ్యలో 111 ఏళ్ల ఖాళీ ఉంది. ఒకే మనిషి రెండు చోట్లా పనిచేయలేడు. పైగా మనిషి పోలికను పట్టి గీసే పద్ధతి మొఘల్ ఆస్థానంలో అక్బర్ కాలం (1556–1605) నుంచే బలపడింది.

అంటే బొమ్మ అబద్ధమని కాదు. పాత బొమ్మకు తర్వాతి నకలు కావచ్చు. లేదా తర్వాతి చిత్రానికి పాత కథ అతుక్కుని ఉండవచ్చు. ఉన్న ఆధారంతో ఏదో ఒకటి తేల్చి చెప్పలేం.

దీనికి పోలికగా అదే కాలపు మరో రచయితను చూద్దాం. ఆముక్తమాల్యద కర్త శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) ఇద్దరు రాణులతో ఉన్న లోహ విగ్రహాలు తిరుమలలో ఉన్నాయి. వాటిపై పేర్లు చెక్కి ఉన్నాయి. గుర్తింపు వస్తువు మీదే ఉంది కాబట్టి కథ మీద ఆధారపడే పని లేదు. షేక్‌స్పియర్ 1616లో చనిపోతే, ప్రసిద్ధమైన డ్రోషౌట్ చిత్రం 1623 నాటి నాటకాల సంపుటిలో అచ్చయింది. ఆయన్ను ఎరిగినవాళ్లే ఆ సంపుటిని తెచ్చారు కాబట్టి దానికి విలువ.

ముఖం ఎందుకు కావాలి?

ఆధారం లేనిచోట ఊహ ఆ ఖాళీని నింపుతుంది. పోతన, త్యాగయ్య, వేమన అనగానే ఒక తరం తెలుగువాళ్లకు గుర్తొచ్చింది నటుడు చిత్తూరు నాగయ్య ముఖమే. త్యాగయ్య (1946), యోగి వేమన (1947) సినిమాల బలం అది. మూడు వేర్వేరు శతాబ్దాలకు ఒకే ముఖం! దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ రేపు ఎవరైనా ఆ ముఖాన్ని చూపించి కులం, ప్రాంతం, కాలం నిర్ణయిస్తామంటే మాత్రం నష్టమే.

ముగింపు

భక్తుడికి చిత్రపటం సాన్నిధ్యం. చరిత్రకారుడికి అది ఒక పత్రం. ఎప్పుడు గీశారు, ఎవరి చేతులు మారింది, దాని మీద ఏం రాసి ఉంది అనే మూడు ప్రశ్నలూ అడగాలి. ఎథిక్స్ పేపర్ భాషలో చెప్పాలంటే, విశ్వాసాన్ని గౌరవించడం, ఆధారాన్ని అడగడం ఒకదానికొకటి అడ్డు కావు. చంపారణ్‌లో దండం పెట్టుకున్న చేతితోనే ఈ తేదీలు కూడా నోట్స్‌లో రాసుకోవచ్చు.