ఇసే జింగూ

ఇసే జింగూ జపాన్‌లోని మియె ప్రాంతంలో, ఇసే నగరంలో ఉన్న షింతో ఆలయ సముదాయం. చిన్నా పెద్దా కలిపి ఇందులో 125 గుళ్లున్నాయి. ప్రధానమైనవి రెండు: సూర్యదేవత అమతెరాసు కొలువైన నైకూ, అంటే లోపలి గుడి, అన్నానికి అధిదేవత తొయొఉకె ఉన్న గెకూ, అంటే బయటి గుడి.

720లో పూర్తయిన 'నిహోన్ షోకి' ప్రకారం, సుయినిన్ చక్రవర్తి కూతురు యమతొహిమె సూర్యదేవతకు తగిన తావు వెతుకుతూ దేశం తిరిగి ఇసే చేరింది. సంప్రదాయం దీన్ని క్రీ.పూ. 4 నాటి సంగతిగా లెక్కగడుతుంది. చరిత్రకారులు అంత వెనక్కి పోరు. వాళ్లకు కాలు మోపే నేల దొరికేది 7వ శతాబ్దంలోనే.

ఆ శతాబ్దం చివర మొదలైనదే గుడి మార్పిడి, 'షికినెన్ సెంగూ'. తెమ్ము చక్రవర్తి సంకల్పించగా, ఆయన భార్య జితో ఏలుబడిలో 690లో నైకూకు, 692లో గెకూకు జరిగింది. స్తంభాలను పునాదిరాయి లేకుండా నేలలోనే పాతుతారు, పైన గడ్డి కప్పు. ఆ తడిదేశంలో అది ఎన్నాళ్లని నిలుస్తుంది? అందుకే పక్కనే ఖాళీగా ఉంచిన స్థలంలో 20 ఏళ్లకొకసారి అచ్చం అలాంటి గుడినే హినోకి కలపతో కట్టి, రాత్రివేళ దేవతను అందులోకి తరలిస్తారు. వస్త్రాలు, కత్తులు మొదలైన 1,576 వస్తువులనూ కొత్తగా చేయిస్తారు. 20 ఏళ్లే ఎందుకో పాత శాసనాలు చెప్పవు. ఈసారి పనివాడైన వడ్రంగి వచ్చేసారి మేస్త్రీ కావడానికి మాత్రం ఆ గడువు సరిపోతుంది.

15, 16 శతాబ్దాల అంతర్యుద్ధాల్లో ఈ ఆనవాయితీ 120 ఏళ్లకు పైగా తెగిపోయింది. దాన్ని నిలబెట్టింది బౌద్ధ సన్యాసినులు కావడం విశేషం. కెయికోయిన్ మఠానికి చెందిన వాళ్లు ఊరూరా చందాలెత్తి 1563లో గెకూను కట్టించారు. నైకూ వంతు 1585లో వచ్చింది.

జపాన్ చరిత్రలోని ఎదో యుగంలో ఇసే యాత్ర జనం వెర్రి అయింది. 1830లో కొద్ది నెలల్లోనే 40 లక్షలకు పైగా వచ్చారని అంచనా. కదలలేని యజమానులు మెడకు డబ్బుసంచి కట్టి తమ బదులు కుక్కను పంపిన సందర్భాలూ ఉన్నాయి. విచిత్రంగా, రాజవంశపు కులదేవత అయిన అమతెరాసు గుడికి గద్దెమీదున్న చక్రవర్తి వెయ్యేళ్లకు పైగా రాలేదు; చివరికి 1869లో మేజీ చక్రవర్తి వచ్చారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ప్రభుత్వంతో బంధం తెగింది. 1949లో జరగాల్సిన మార్పిడి 1953లో జరిగింది. 62వది 2013లో అయింది, తరువాతిది 2033లో.

విప్పిన కలపను పారేయరు. రెండు గుళ్ల నిట్టాడి స్తంభాలూ నైకూకు దారితీసే ఉజి వంతెనకు అటూ ఇటూ తోరణాలై మరో 20 ఏళ్లు నిలుస్తాయి. ఆపైన సెకి, కువనా ఊళ్లలో తోరణాలవుతాయి.