టమాటా ఎరుపు వెనుక కథ

నేరేడు మరక పడ్డ చొక్కాను సబ్బుతో రుద్దితే ఊదారంగు నీలానికి తిరుగుతుంది, నిమ్మరసం తగిలితే ఎర్రబడుతుంది. టమాటా ఎరుపు పులుపుకీ సబ్బుకీ అలా రంగు మార్చదు. ఉత్త నీళ్లకు లొంగదు కానీ, కూర ఉడికేసరికి నూనెలోకి దిగి ఎర్రగా పైకి తేలుతుంది.

1664లోనే ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్, వయొలెట్ పూల పానకం ఆమ్లంతో ఎర్రబడుతుందనీ, క్షారంతో పచ్చబడుతుందనీ రాశాడు. అయితే అది ఆమ్లాన్ని పట్టే చిట్కాగానే ఉండిపోయింది. రంగు పదార్థాన్ని బయటికి తీసే పని పంతొమ్మిదో శతాబ్దిలో ఊపందుకుంది. 1831లో వాకెన్‌రోడర్ క్యారెట్ నుంచి కెరోటిన్ తీశాడు. 1835లో మార్క్వార్ట్ పూల నీలానికి ఆంథోసయనిన్ అని పేరుపెట్టాడు. నేరేడు, ద్రాక్ష ఈ రెండో కుటుంబానివి. టమాటా మొదటిదైన కెరోటిన్ కుటుంబానికి చెందుతుంది. అయితే దాని ఎరుపు అచ్చంగా కెరోటిన్ కాదని 1903లో షుంక్ తేల్చి, లైకోపీన్ అన్నాడు.

ఈ చరిత్రలో నాకు అందరికన్నా ముఖ్యుడనిపించేది మిహాయిల్ స్వెట్. వార్సాలో పనిచేసిన ఈ రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు గాజు గొట్టంలో సుద్దపొడి దట్టించి, పైనుంచి ఆకుల సారం పోశాడు. ద్రావకం కిందికి జారేకొద్దీ పచ్చ, పసుపు పట్టీలు వేటికవి విడిపోయాయి. 1906లో దీన్ని వివరంగా ప్రచురించాడు. కానీ ఆకుపచ్చ మీద, పూలూ పండ్ల రంగుల మీద పనిచేసి 1915లో నోబెల్ అందుకున్న విల్‌ష్టాటర్‌కు ఈ పద్ధతి మీద గురి కుదరలేదు. అంతటివాడు నమ్మకపోతే ఇంకెవరు ముట్టుకుంటారు? స్వెట్ 1919లో కన్నుమూశాడు. 1931లో హైడెల్‌బర్గ్‌లో కూన్, లెడరర్ మళ్లీ ఆ గొట్టం పట్టేదాకా పద్ధతి దాదాపు మూలనే పడి ఉంది.

విల్‌ష్టాటర్ వల్ల జరిగిన మేలూ తక్కువది కాదు. లైకోపీన్‌లోనూ కెరోటిన్‌లోనూ ఒకే లెక్కలో 40 కార్బన్, 56 హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయని 1910లో ఎషర్‌తో కలిసి చూపాడు. సరుకు ఒకటే అయితే రంగులు వేరెందుకు? ఆ చిక్కుముడిని 1930 ప్రాంతంలో జ్యూరిక్‌లో పాల్ కారర్ విప్పాడు: లైకోపీన్ సాగిన గొలుసు, బీటా కెరోటిన్‌లో ఆ గొలుసు రెండు కొసలూ వలయాలుగా ముడుచుకుంటాయి.

ఈలోగా 1913లో అమెరికాలో డగ్గర్ రైతుకు పనికొచ్చే సంగతి ఒకటి కనిపెట్టాడు. 30 డిగ్రీలు దాటిన వేడిలో టమాటాలో లైకోపీన్ సరిగా తయారుకాదు, పసుపు మాత్రం వస్తూనే ఉంటుంది. అదే కాయను చల్లటి చోటికి మారిస్తే ఎరుపు తిరిగి మొదలవుతుంది. మండు వేసవిలో మార్కెట్‌కు వచ్చే పసుపు జీర కాయల్ని పచ్చివని పక్కకు నెట్టేస్తుంటాం. వాటిలో చాలా కాయలు పండినవే, ఎండ దెబ్బకు ఎరుపు పట్టలేదంతే.