ముల్లు మాట ఎంతవరకు నమ్మాలి?

1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. దానికి 140 ఏళ్లు నిండాయి. కారు పుట్టినరోజుగా చెప్పుకునే ఆ తేదీ వచ్చినప్పుడల్లా వేగం గురించీ సొగసు గురించీ వ్యాసాలొస్తాయి. నాకు డాష్‌బోర్డు మీద ఇంజిను వేడిని చూపుతూ సి (చల్లన), హెచ్ (వేడి) అక్షరాల మధ్య ఊగే చిన్న ముల్లు గురించి రాయాలనిపిస్తుంది. మే నెల ఎండలో పాత అంబాసిడర్ వేసుకుని హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరినవాళ్లకు ఆ ముల్లు విలువ వేరే చెప్పక్కర్లేదు.

1712లో ఇంగ్లండులో న్యూకమెన్ ఆవిరి యంత్రం పనిలోకి దిగింది. రెండేళ్లకు ఫారెన్‌హీట్ పాదరసం థర్మామీటరు చేశాడు. యంత్రమూ వచ్చింది, కొలిచే సాధనమూ వచ్చింది. ఆ రెంటినీ కలిపి కారు నడిపేవాడి కళ్లెదుట పెట్టడానికి మాత్రం మరో రెండు శతాబ్దాలు పట్టింది. బెంజ్ బండిలో నీళ్లు ఇంజిను వేడికి మరిగి ఆవిరైపోయేవి, తగ్గినప్పుడల్లా పోసుకోవడమే. 1888లో ఆయన భార్య బెర్తా కొడుకులిద్దరితో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించినప్పుడు దారి పొడవునా నీళ్లు పోసుకుంటూనే వెళ్లింది. 1900లో విల్హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ కోసం తేనెపట్టు రేడియేటరు తయారుచేశాడు. అందులో ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070. పద్దెనిమిది లీటర్ల నీళ్లు కావలసిన చోట తొమ్మిది సరిపోయాయి.

ఇక నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. ఫోర్డ్ మోడల్ టి కార్లు 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారయ్యాయి. తొలి రెండు మూడు వేల కార్ల తర్వాత వాటిలో నీటి పంపు తీసేశారు. వేడెక్కిన నీళ్లు పైకి, చల్లబడినవి కిందికి వాటంతటవే తిరిగేవి. ఆ కారులో ఇంజిను వేడి చెప్పే సాధనమేదీ లేదు. ఆవిరి బుస్సుమన్నాకే సంగతి తెలిసేది.

1912 ప్రాంతంలో న్యూయార్కులో బాయ్స్ మోటోమీటర్ వచ్చింది. రేడియేటరు మూత మీద నిలబెట్టిన గుండ్రటి లోహపు చట్రం, దానికి అద్దం, మధ్యలో ఎర్రటి ద్రవం ఎక్కి దిగే గాజు గొట్టం. జ్వరం చూసే థర్మామీటరు లాంటిదే. స్టీరింగు దగ్గర కూర్చుని బానెట్ చివర ఎర్ర గీత ఎంత ఎత్తుకు లేచిందో చూసుకోవచ్చు. కార్ల కంపెనీలు దాని మీద తమ పేర్లు వేయించుకున్నాయి. రెక్కలున్న మూతలతో అది కారుకు ఆభరణమైంది.

అందం కన్నా దాని వెనకున్న ఆలోచన గొప్పది. థర్మామీటరు బల్బును నీళ్లలో ముంచలేదు. నీటి మట్టానికి పైన, ఆవిరి చేరే ఖాళీలో వేలాడదీశారు. నీళ్లలో ముంచితే, నీళ్లు తగ్గి బల్బు బయటపడ్డాక అది చెప్పేదాన్ని నమ్మలేం. ఆవిరిలో ఉంచితే నీళ్లు తగ్గినా మరిగినా ఎర్ర గీత లేస్తుంది. ముల్లయినా గీతయినా ఇంజిను వేడిని నేరుగా చూపదు, తన కొస తాకిన చోటి వేడినే చూపుతుంది. పాత కారు వైద్యమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

రేడియేటరు బానెట్ కిందికి పోయేసరికి మోటోమీటర్ కాలం చెల్లింది. కొలత డాష్‌బోర్డు మీదికి వచ్చింది. మొదట ఈథర్ నింపిన సన్నటి రాగి గొట్టం ఆవిరి ఒత్తిడితో ముల్లును తిప్పేది. తర్వాత కరెంటు గేజి వచ్చింది: ఇంజిను వేడెక్కేకొద్దీ సెన్సరులో నిరోధం తగ్గి ముల్లు లేస్తుంది.

ముల్లు తన కొస తాకిన చోటి వేడినే చూపుతుంది కాబట్టి, అది హెచ్ మీదికి పోగానే ఇంజిను విప్పేయకూడదు. ముందు బండి ఆపి, నిజంగా వేడెక్కిందో లేదో చూడాలి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పి సెన్సరు వైరు ఊడదీస్తే ముల్లు సి దగ్గర ఉండాలి. వైరును ఒక్క క్షణం ఇంజిను లోహానికి తాకిస్తే హెచ్ వైపు లేవాలి. రెండూ జరిగితే గేజి, వైరు బాగున్నట్టే, అనుమానించాల్సింది సెన్సరును. బ్రిటిష్ తరహా పాత కార్లలో పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తే, రెంటికీ కరెంటు ఇచ్చే వోల్టేజి స్టెబిలైజరు చెడిపోయి ఉంటుంది.

వేడి నిజమే అయితే అది ఎప్పుడు వస్తుందో గమనించాలి. ట్రాఫిక్‌లో ఎక్కి, రోడ్డెక్కగానే దిగితే ఫ్యాను, బెల్టు చూడాలి. వేగంగా పోతున్నప్పుడే ఎక్కితే బోరు నీళ్ల సున్నం రేడియేటరు గొట్టాలను పూడ్చేసి ఉండవచ్చు. ఇంజిను బాగా వేడెక్కినా రేడియేటరు హోసు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదేమో. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపినట్టు తెల్లబడితే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. రేడియేటరు మూతనూ తేలిగ్గా తీసుకోవద్దు. చదరపు అంగుళానికి ఏడు పౌండ్ల ఒత్తిడి పట్టే మూత బిగువుగా ఉంటే నీళ్లు సుమారు 111 డిగ్రీల సెల్సియస్ దాకా మరగవు.

అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. ఇప్పటి చాలా కార్లలో వేడి కొంత పెరిగినా తగ్గినా ముల్లు మధ్యలోనే నిలిచేలా ఏర్పాటు చేస్తున్నారు. కొన్నింటిలో ముల్లే లేదు, ప్రమాదం ముంచుకొచ్చాక వెలిగే ఎర్ర దీపం ఉంది. ముందుగా తెలుసుకునే అవకాశం మోటోమీటర్ రోజుల్లో డ్రైవరు చేతికొచ్చింది. ఇప్పుడది మెల్లగా జారిపోతోంది.

పాత కారు ఉన్నవాళ్లకు నా మనవి: ఎండలు ముదరకముందే రేడియేటరు కడిగించండి, బెల్టు, మూత మార్పించండి, మామూలు నీళ్లకు బదులు కూలెంట్ పోయించండి. ఇంజిను వేడిగా ఉండగా మాత్రం మూత విప్పకండి. ముల్లు ఏం చెప్పినా ప్రయాణానికి ముందు, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, నీళ్ల మట్టం మీ కళ్లతో చూసుకోండి.