వాడిన నీరే పెరటికి ప్రాణం

పదవీ విరమణ చేసిన మనలో చాలామందికి ఇప్పుడు పెరటి మీదికి మనసు మళ్ళింది. మైదుకూరులో నేనూ ఆ కోవలో కొత్తగా చేరినవాణ్ణే. నాలుగు వంగ మొక్కలు, రెండు బీరపాదులు, ఒక మడి ఆకుకూర - ఇదీ నా సేద్యం. ఫైళ్ళతో గడిపినవాడికి ఏ పని మొదలుపెట్టినా పూర్వాపరాలు చూడటం అలవాటు కదా! ఆ అలవాటు కొద్దీ మన సీమ పెరటి కూరల చరిత్రను నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మన కడప జిల్లాలో సగటున ఏడాదికి కురిసేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక ఏడు ఉంటే ఒక ఏడు ఉండదు. 1876-78 నాటి ధాత కరువు కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను ఎంతగా పీడించిందో మనమంతా కథలుగా విన్నవాళ్ళమే. అంతకు కొద్దికాలం ముందు, 1863-70 మధ్య, ఒక ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కర్నూలు-కడప కాలువ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కున్నది. ఆ కె.సి. కాలువ చలువతోనే మన చుట్టుపక్కల వరి, పసుపు పండాయి. మైదుకూరు పేరుతో ఒక పసుపు రకమే ఉన్నది. కానీ కాలువ నీరు పొలాలకు, పెరటికి కాదు.

పెరడు బతికింది ఇంట్లో వాడిన నీళ్ళతో. బావి నుంచి కడవలతో మోసుకొచ్చిన నీళ్ళను ఒక్క పనికే వాడి పారబోయటం మన ఆడవాళ్ళు ఎరుగరు. బియ్యం కడిగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు గోడవారగా తీసిన చిన్న కాలువ వెంట పాదులకు చేరేవి. తడి ఎక్కువగా ఉన్నచోట అరటి, చేమ. ఆ తర్వాత వంగ, మిరప. పందిరి మీద సొర, బీర. తడి అందని దడి వెంట గోరుచిక్కుడు, అనప. గోరుచిక్కుడు వేరు లోతుకు దిగి ఎండకు ఓర్చుకుంటుందని వారికి ఏ అధికారీ చెప్పలేదు. మృగశిర కార్తెలో వాన పడితే గింజ పెట్టేవారు. ముదిరిన కాయ ఒకటి తీగకే వదిలి, ఎండిన గింజలను బూడిదలో కలిపి మరుసటి ఏటికి దాచేవారు.

ఆ కూరలన్నీ ఇక్కడ పుట్టినవి కావు. వంకాయ మన దేశానిదే. మిరప మాత్రం 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట అమెరికా ఖండం నుంచి వచ్చింది. టమాటాకూ అదే పుట్టిల్లు. మన వంటింట్లో స్థిరపడింది ఇంకా చాలా ఆలస్యంగా.

ప్రభుత్వాలూ పిలుపులిచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942-43 ప్రాంతాల, అధిక ఆహారోత్పత్తి ఉద్యమం మొదలైంది. అయినా 1952 కరువులో సీమలో గంజి కేంద్రాలు తెరవక తప్పలేదు. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికొక పూట భోజనం మానమని, ఇళ్ళ ఆవరణల్లో పంటలు వేయమని కోరి, తమ నివాసంలోని పచ్చిక బయలునే దున్నించారు. ఆ పిలుపులు కొన్నాళ్ళకు సద్దుమణిగాయి. వాడిన నీరు పారిన ఇళ్ళల్లో మాత్రం పెరడు నిలిచింది.

ఆ తర్వాత బోర్లు, కుళాయిలు, సిమెంటు గచ్చులు వచ్చాయి. వాడిన నీరు పాదికి పోవటం మాని మురికి కాలువకు పోయింది. భూగర్భ జలం ఎంత అడుగంటిందంటే, 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం తెచ్చి బోర్ల తవ్వకాన్ని అదుపు చేయవలసి వచ్చింది.

కొత్తగా పెరడు మొదలుపెట్టే మిత్రులకు నా మనవి ఒక్కటే. ముందు మీ ఇంటి నీరు ఎటు పోతున్నదో చూసి, పాది అక్కడ తీయండి. సబ్బు నీళ్ళు ఆకుకూరలకు కాక అరటికి మళ్ళించండి. మొదటి ఏడు గోరుచిక్కుడు, బీర చాలు. ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉంటే, గింజ దాచే పద్ధతి దగ్గర కూర్చుని తెలుసుకుని, మనవలతో ఆ పని చేయించండి. ఈ విద్య ఏ రికార్డులోనూ లేదు. ఆ తరం దాటిపోతే అడిగినా చెప్పేవారుండరు.