ఖిలాఫత్ సమస్య, బ్రిటిష్ ప్రభుత్వం, గుంటూరు జిల్లా (1918–1924)

తెనాలి, బాపట్ల, రేపల్లె 1921లో గుంటూరు జిల్లాలోని తాలూకాలు. పైన మద్రాసు ప్రభుత్వం, దానిపైన ఢిల్లీ, ఆపైన లండను. ఇక్కడి రైతుకు కాన్‌స్టాంటినోపుల్‌తో ఏం పని? ఈ పాఠం చదివేటప్పుడు ఈ ప్రశ్నను మరచిపోకండి. ఎందుకంటే ఆ సంవత్సరాల్లో ఈ తాలూకాల్లో సాగిన సహాయ నిరాకరణోద్యమానికి స్వరాజ్యం, పంజాబు దురంతాలకు పరిహారం ఎంత ముఖ్యమో ఖిలాఫత్ సమస్య పరిష్కారం కూడా అంతే ముఖ్యం.

మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ జర్మనీ పక్షాన చేరింది. తుర్కీ సుల్తాను సున్నీ ముస్లింలకు ఖలీఫా. ప్రపంచ ముస్లింలలో పెద్ద భాగం బ్రిటిష్ పాలనలోనే ఉండేవారు కనుక బ్రిటన్‌కు ఇది సున్నితమైన చిక్కు. బ్రిటన్‌కు విధేయులుగా ఉండాలని హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1914లోనే ముస్లింలకు విజ్ఞప్తి చేశాడు. భారత ముస్లిం సైనికులు మెసపొటేమియాలో తుర్కీ సైన్యంతో పోరాడారు. 1918 జనవరి 5న ప్రధానమంత్రి లాయిడ్ జార్జి ఒక ప్రసంగంలో, తుర్కీ రాజధానిని గాని, తుర్కులు అధికంగా ఉన్న ఆసియా మైనరు, థ్రేసు ప్రాంతాలను గాని లాక్కోవడం తమ ఉద్దేశం కాదని స్పష్టం చేశాడు. 1920 ఆగస్టు 10న కుదిరిన సెవ్రెస్ సంధి థ్రేసులో అధిక భాగాన్ని గ్రీసుకిచ్చింది, స్మిర్నా ప్రాంతాన్ని గ్రీకు పాలన కింద పెట్టింది. మాట తప్పారన్న ఆగ్రహం భారత ముస్లింలలో రగిలింది. కేవలం మతావేశంగా దీన్ని వర్ణించిన పుస్తకాలున్నాయి. అది సరికాదు. పాలకుడు బహిరంగంగా ఇచ్చిన హామీ ఇక్కడ అసలు విషయం.

ఈ ఆగ్రహం తెలుగు నేలను కూడా తాకింది. గాంధీజీతో కలిసి మద్రాసు వెళుతున్న మౌలానా మహమ్మదలీని 1921 సెప్టెంబరు 14న వాల్తేరు స్టేషనులో అరెస్టు చేశారు. బాపట్ల తాలూకాలోని చీరాల ప్రజలు అప్పటికే పురపాలక సంఘం పన్నులకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు విడిచి రామనగరంలో పాకలు వేసుకున్నారు.

ఇక పెదనందిపాడు ఫిర్కా సంగతి కాస్త వివరంగా చూడాలి. అప్పట్లో అది బాపట్ల తాలూకాలో ఉండేది. 1922 జనవరిలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో అక్కడి రైతులు శిస్తు కట్టడం మానేశారు. గ్రామాధికారులు రాజీనామాలిచ్చారు. జప్తు చేసిన పశువులను, సామానును వేలం వేస్తే పాట పాడేవాడు లేడు. వచ్చిన అధికారులకు బండ్లు దొరకలేదు. కలెక్టరు రూథర్‌ఫర్డ్ సైన్యాన్ని రప్పించాడు. శాంతి సేన వాలంటీర్లు గ్రామాల్లో తిరుగుతూ హింస జరగకుండా చూసుకున్నారు. కోస్తా పల్లెల్లో ముస్లింల సంఖ్య తక్కువే. రైతును ముందుకు నడిపింది ప్రధానంగా శిస్తు భారం, స్వరాజ్య కాంక్ష. అతడు తుర్కీ కోసం శిస్తు ఆపాడంటే అతిశయోక్తి అవుతుంది. అయినా ఢిల్లీలోని ప్రభుత్వం ఈ రెండింటినీ విడదీసి చూడలేకపోయింది. గ్రామీణ రైతు, పట్టణ ముస్లిం ఒకే జెండా కింద నిలవడమే దానికి కలవరం.

షరతులు నెరవేరాయో లేదో సరిచూసుకోమని గాంధీజీ కొండా వెంకటప్పయ్యను హెచ్చరిస్తూ వచ్చారు. ఇంతలో ఫిబ్రవరి మొదటి వారంలో చౌరీచౌరా ఘటన జరిగింది. ఫిబ్రవరి 12న బార్డోలీలో శాసనోల్లంఘనను నిలిపివేశారు. పెదనందిపాడు రైతులు బకాయిలు చెల్లించారు.

ఉద్యమం చల్లారాక ప్రభుత్వం వేసిన ఎత్తుగడను గమనించండి. ఫిబ్రవరి 28న వైస్రాయి లార్డ్ రీడింగ్ ప్రభుత్వం లండనుకు తంతి పంపింది. కాన్‌స్టాంటినోపుల్ నుంచి మిత్రరాజ్యాల సేనలు వైదొలగాలి, పుణ్యక్షేత్రాలపై సుల్తాను సార్వభౌమత్వాన్ని గుర్తించాలి, థ్రేసును, స్మిర్నాను తుర్కీకి తిరిగి ఇవ్వాలి అని కోరింది. అంటే ఖిలాఫత్ నాయకుల కోరికల్లో ముఖ్యమైనవాటిని బ్రిటిష్ వైస్రాయే తన నోట పలికాడు. ముస్లింలతో సంబంధాలు చక్కబడితే వారు కాంగ్రెసుకు దూరమవుతారన్న లెక్క ఇందులో ఉంది. భారత వ్యవహారాల మంత్రి మాంటేగు కేబినెట్‌ను అడగకుండానే ఈ తంతిని ప్రచురించడానికి అనుమతించాడు. విదేశాంగ మంత్రి కర్జన్ మండిపడ్డాడు. మార్చి 9న మాంటేగు రాజీనామా చేశాడు. మరునాడే గాంధీజీని అరెస్టు చేశారు.

ఈ రెండు ఘటనల మధ్య ఒక్క రోజే తేడా. స్నేహహస్తం చాచిన మంత్రి పోయాడు, ఉద్యమ నాయకుడు జైలుకు వెళ్ళాడు. రాయితీ మాత్రం రాలేదు. నా అభిప్రాయంలో ఆ తంతి నాలుగేళ్ళ కిందట, లాయిడ్ జార్జి ప్రసంగం ఇంకా తాజాగా ఉన్నప్పుడే వెళ్ళి ఉంటే దానికి విలువ ఉండేది.

తంతిలో అడిగినవాటిలో కాన్‌స్టాంటినోపుల్, స్మిర్నా, తూర్పు థ్రేసు 1923 జూలై 24న కుదిరిన లాసేన్ సంధితో తుర్కీకి దక్కాయి. ముస్తఫా కెమాల్ సైన్యాలు యుద్ధంలో గెలిచి సాధించినవి అవి. 1924 మార్చి 3న ఆ కెమాల్ ప్రభుత్వమే ఖలీఫా పదవిని రద్దు చేసింది.