జ్వరానికి ఒక కొలత, ఎండకు ఒక కొలత

వాతావరణం చెప్పుకోవడానికి ఫారెన్‌హీటే సహజమనే వాళ్లు ఒక వాదన తప్పకుండా తెస్తారు. సున్నా అంటే ఓర్చుకోలేని చలి, నూరంటే ఓర్చుకోలేని ఎండ, అందుకే మనిషి ఒంటికి తగ్గ కొలత అదేనంటారు. చరిత్ర చూస్తే ఈ వాదన నిలవదు. డాంజిగ్‌లో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో పాదరసపు థర్మామీటర్లు చేసిన డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ 1724లో తన కొలత వివరాలు ప్రచురించాడు. మంచు, నీళ్లు, నవాసాగరం కలిపితే వచ్చే చల్లదనం ఆయనకు సున్నా. మంచూ నీళ్లూ కలిసున్న చోట 32, ఆరోగ్యవంతుడి నోట్లోనో చంకలోనో పెడితే 96. నూరు దగ్గర ఆయన ఏ గుర్తూ పెట్టలేదు. స్వీడన్‌లోని ఉప్సలలో ఆండర్స్ సెల్సియస్ 1742లో నీళ్లు మరిగేచోట సున్నా, గడ్డకట్టేచోట 100 పెట్టాడు. దాన్ని తిరగేసింది తర్వాతివాళ్లు.

మరి అంకె వినగానే ఒంటికి తెలిసిపోవడం ఎలా వచ్చింది? అలవాటు వల్ల. మన ఇళ్లే ఇందుకు సాక్ష్యం. పిల్లాడి ఒళ్లు కాలితే "నూట రెండుంది" అంటాం. అదే నోటితో "రేపు నలభై నాలుగట, మధ్యాహ్నం బయటికెళ్లకు" అంటాం. ఎవరూ జ్వరపు ఫారెన్‌హీట్‌ను ఎండ సెల్సియస్‌లోకి మార్చి లెక్కకట్టరు. దేశాల సంగతీ అంతే. కెనడా 1975 ఏప్రిల్ 1న వాతావరణ వార్తల్ని సెల్సియస్‌లోకి మార్చింది. అమెరికాలో అదే ఏడాది మెట్రిక్ చట్టం వచ్చినా, పాటించడం ఎవరిష్టం వారిదే కావడంతో పాత కొలతే ఉండిపోయింది. సరిహద్దుకు అటూ ఇటూ వీచే చలిగాలి ఒకటే.

ఫారెన్‌హీట్ డిగ్రీ చిన్నది, సెల్సియస్ డిగ్రీలో తొమ్మిదింట అయిదు వంతులే, కనుక దశాంశాలు లేకుండానే సూక్ష్మంగా చెప్పొచ్చన్నది నిజమే. జ్వరానికి ఆ సూక్ష్మం పనికొస్తుంది. వీధిలోకొస్తే చెట్టు నీడకూ రేకుల షెడ్డుకూ మధ్య తేడా అంతకు ఎన్నో రెట్లుంటుంది. సెల్సియస్ మీద ఇంకా గట్టి ఆక్షేపణ ఒకటుంది: గడ్డకట్టే నీళ్లతో మనకేం పని? లంబసింగి లాంటి చోట్ల తప్ప తెలుగు నేల మీద ఆ సున్నా ఊసే ఉండదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఫారెన్‌హీట్ సున్నా మనకు ఇంకా దూరం, దాదాపు మైనస్ 18. మనకు కావలసిన గుర్తు నలభై. వడగాడ్పు లెక్కలోకి రావాలంటే ఉష్ణోగ్రత మైదానాల్లో కనీసం 40, తీరంలో 37, కొండల్లో 30 ఉండాలని వాతావరణ శాఖ నియమం. ఊరిని బట్టి అంకె అర్థం మారుతుందని ఆ నియమమే చెబుతోంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రామగుండం పొడి ఎండలో 40 కన్నా మచిలీపట్నం ఉక్కలో 38 ఒంటికి బరువు కావచ్చు. ఏ కొలతలో వేసినా ఒట్టి ఉష్ణోగ్రత ఈ సంగతి చెప్పదు. పత్రికలూ టీవీలూ వేసవి పొడవునా డిగ్రీల పక్కనే తేమ శాతం కూడా వేయాలి.